దుమ్ము లేదు

నమోదు 2187. మంగళవారం.

పొద్దున్నే గోడచెవికి జవాబులు చెప్పాను. మంట ఉన్నదా? లేదు. నీరు కారుచున్నదా? లేదు. గాయములు? లేవు. యంత్రములు చెడినవా? లేదు. దుమ్ము ఉన్నదా? లేదు. పనివారు ఎందరు? నలభై ఒకరు. "కృతజ్ఞతలు, నూకరత్నమ్మ గారూ" అంది. ఎగువ పట్నం వాళ్ళు ఆ డబ్బాను మా మిల్లు గోడకు బిగించి ఆరేళ్ళు కావస్తోంది. ఈ ఊళ్ళో నన్ను రోజూ గారూ అని పిలిచేది అదొక్కటే.

దానికి ఉంది, లేదు, అంకె తప్ప ఇంకేమీ అర్థం కావు. కథలు చెప్పబోతే "అర్థము కాలేదు, మరల చెప్పుడు" అంటుంది. అందుకని మిగతావన్నీ ఈ నోటుబుక్కులో రాసుకుంటాను. ఎవరైనా చదువుతారని కాదు. నాకు నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు.

ఏరు పొంగడానికి ఇంకా నెలా పదిహేను రోజులుంది. ఈలోపు ఊళ్ళో ప్రతి ఇంటి కింద పాత పలకలు తీసి కొత్తవి వేయాలి. కోనసీమ సముద్రంలో కలిసిపోయాక మా తాతలు ఈ గట్టుపేట చేరి కట్టుకున్న ఇళ్ళు ఇవి. ఏరు పొంగితే ఇల్లు దాంతోపాటు లేవాలి, వరద తీస్తే దిగాలి. ఇనుము ఏడాదికి ఒక్క లాంచీ వస్తుంది, అది మిల్లులో యంత్రాలకే చాలదు. మేకుల దగ్గర నుంచి సైకిలు చక్రం దాకా మాకు అన్నీ తొందరమానువే. విత్తు వేసిన ఎనిమిదో నెలకు దూలం ఇచ్చే చెట్టుకు ఇంకేం పేరు పెడతారు?

ఇవాళ మా చెల్లెలు తాయారు ముక్కు నుంచి రక్తం కారి పలక మీద పడింది. తాయారు ఇరవై ఏళ్ళుగా రుద్దుడు బెల్టు మీద పనిచేస్తోంది. అది రుద్దిన పలక మీద చెయ్యి పెడితే జారిపోవాల్సిందే.

"ఏంటే ఆ రక్తం?" అన్నాను.

"వేడి చేసిందిలే అక్కా. మజ్జిగ తాగితే పోద్ది."

"ఒక్క ముక్కులోంచే వస్తోందేం?"

"రెండిట్లోంచి రావాలా ఏంటి నీకు?" అని, మరక మీద బెల్టు మీది గంధం చల్లి, పలకను మళ్ళీ బెల్టు కింద పెట్టేసింది.

గాయములు లేవు అనే చెప్పాను కదా, మార్చలేదు. ముక్కు కారడం గాయం కాదు.

నమోదు 2190. శుక్రవారం.

తాయారు నిన్నటి ఆనపకాయ పాలుపోసిన కూర తినేసింది. గిన్నె మూత తీస్తే నాకు గుమ్మం దగ్గరే కంపు కొట్టింది. అదేమో ఎదురుగా కూర్చుని రెండో ముద్ద కలుపుతోంది.

"ఓసి పిచ్చిదానా, పాచిపోయిందే అది!"

"బానే ఉందిగా" అంది. గిన్నె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నాకేం తెలీట్లేదక్కా" అంది.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే సరిగా చెప్పదు. పోయిన వానాకాలం నుంచి అట. ముక్కు ఎడమ పక్క ఎప్పుడూ మూసుకునే ఉంటుందట. పడిశం అనుకుందట. పడిశం ఏడాది పొడుగునా ఉంటుందా అని తిట్టాను. తిట్టడం నాకు సులువు. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నా మొగుడు పోయి పన్నెండేళ్ళు, దానికి అసలు పెళ్ళే ఇష్టం లేకపోయింది. దానికేదైనా అయితే అన్న మాట మనసులోకి వస్తే చాలు, ఏదో ఒక గిన్నె తీసుకుని తోమేస్తాను.

నమోదు 2194. మంగళవారం.

నెలకోసారి వచ్చే ఆస్పత్రి లాంచీ ఇవాళ వచ్చింది. మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడి తాయారును డాక్టరు జుబేదా గారికి చూపించాను. ఆవిడ చిన్న దీపం పెట్టి ఎడమ ముక్కులోకి చాలాసేపు చూశారు.

"ఏం పని చేస్తారమ్మా?"

"పలకల మిల్లులో రుద్దుడు బెల్టండి."

"దుమ్ము పీలుస్తుంటారా?"

"అబ్బెబ్బే, మా మిల్లులో దుమ్మెక్కడిదండీ! అద్దంలాగ ఉంటది" అంది తాయారు.

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "మిల్లు నమోదు చెప్పేది మీరేనా?"

"ఆయ్, నేనేనండి. ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా దుమ్ము లేదండి. కావాలంటే చూసుకోండి" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో! ఆవిడ తన చేతిలోని గాజు తెర మీద మా మిల్లు పేరు నొక్కి పైకీ కిందికీ జరిపి చూశారు. అన్నీ లేదు, లేదు, లేదు.

"దుమ్ము పనివాళ్ళకు వచ్చే జబ్బేమో అనుకున్నాను. అదే అయితే ఇవాళే నాతో తీసుకెళ్ళిపోయేదాన్ని, ఎగువ ఆస్పత్రిలో వాళ్ళకు మంచం అట్టేపెట్టి ఉంటుంది. కాదంటే మామూలు వరుసలో రావాలి. ఎనిమిది నెలలు పడుతుంది" అన్నారు. ముక్కులో వేసే చుక్కలమందు ఇచ్చారు.

దారిలో తాయారు ఒకటే నవ్వు. "మనకి దుమ్మంటాదేంటక్కా డాక్టరమ్మ! గంధం పనోళ్ళని పట్టుకుని!" నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఈ చివరి వాక్యం తర్వాత రాసింది.

నమోదు 2203. గురువారం.

తాయారు ఎడమ కన్ను కింద వాచింది. చుక్కలమందు అయిపోయింది. పొద్దున రక్తం ఆగడానికి అరగంట పట్టింది. అయినా పనికి వెళతానని మొండికేస్తే సగం రోజుకే పంపాను.

మధ్యాహ్నం ఇంట్లో దాని తలగుడ్డలు నానబెట్టాను. రోజూ అదే ఉతుక్కుంటుంది, నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. బకెట్టు అడుగున పచ్చగా, చిక్కగా ఏదో పేరుకుంది. నీళ్ళు వంపితే పోలేదు. చేత్తో తీస్తే గుప్పెడు ముద్ద వచ్చింది. ఒక్క రోజు కట్టుకున్న నాలుగు గుడ్డల్లోంచి గుప్పెడు!

ఈ గంధం సంగతి రాయాలి. తొందరమాను కోస్తే వచ్చేది పొట్టు, అది పొయ్యిలోకి పోతుంది. చివర్న బెల్టు మీద రుద్దితే బియ్యప్పిండి కంటే మెత్తగా, పచ్చగా ఒక పొడి లేస్తుంది. దాన్నే మా వాళ్ళు గంధం అంటారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు పెదమేస్త్రి గారు దాంతోనే బొట్టు పెడతారు. దానికి చీపురు తాకకూడదు, తడిగుడ్డ తాకకూడదు. అమ్మవారికి చీపురు తగిలినంత దోషమట. గాలిగొట్టం పెట్టి ఊదడమే. ఊదితే ఎక్కడికి పోతుంది? లేచి, మళ్ళీ అక్కడే దిగుతుంది. ముక్కుల్లోకి దిగుతుంది.

ఆ ముద్ద చేతిలో పట్టుకుని పెరట్లో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇదే పొడి రోడ్డు మీది నుంచి లేచి నా గిన్నెల మీద పడితే నేనేమంటాను? దుమ్ము అంటాను. దుమ్ము పడిందని ఊరంతా వినబడేలా తిడతాను. గోడచెవి ఆరేళ్ళుగా రోజూ అడిగింది దీని గురించే. నేను అబద్ధం చెప్పలేదు. మా మాటల్లో దుమ్మంటే కాళ్ళకు అంటేది, ఇది నుదుటికి పెట్టుకునేది. డాక్టరు గారు అడిగిందీ దీన్నే. నా చెల్లెలికి దొరకాల్సిన మంచాన్ని నేనే నవ్వుతూ కాదన్నాను.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందటి దాకా బెల్టుల పైన పీల్చుడు గొట్టం ఒకటి ఉండేది. మీ నమోదులో దుమ్ము లేదు గనుక ఆ మోటారు వేరే పనికి వాడుకోవచ్చని ఎగువ నుంచి తాకీదు వచ్చింది. దాన్ని విప్పి ఐదో బెల్టుకు బిగించారు. ఆ రోజు పెదమేస్త్రి గారు నన్ను మెచ్చుకుని అరటిపళ్ళ గెల పంపారు. తిన్నాను.

నమోదు 2204. శుక్రవారం.

"దుమ్ము ఉన్నదా?"

"ఉంది."

"సరిచూచుకొనుడు. దుమ్ము ఉన్నదా?"

"ఉంది తల్లీ, ఉంది."

"అర్థము కాలేదు. దుమ్ము ఉన్నదా?"

"ఉంది."

గోడచెవి మిల్లుకు కరెంటు తీసేసింది. ఐదు బెల్టులూ ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదించి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మొదట వినబడింది దగ్గు. ఒకరిది కాదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా అందరిదీ. బెల్టుల హోరులో ఇన్నాళ్ళూ ఎవరి దగ్గు వాళ్ళకే వినబడేది. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, తర్వాత అందరూ నా మొహం చూశారు.

"శుభ్రపరచి తిరిగి చెప్పుడు" అంది గోడచెవి, ఏమీ జరగనట్టు.

పెదమేస్త్రి సింహాద్రాచారి గారు నా గదిలోకి వచ్చారు. ఆయనకు డెబ్భై ఏళ్ళు. మిల్లు కట్టినప్పుడు మొదటి దూలం ఎత్తిన మనిషి. గట్టిగా మాట్లాడటం ఆయనకు రాదు.

"రత్నమ్మా, ఏంటమ్మా ఈ పని? ఏరొచ్చే టయానికి మూడొందల ఇళ్ళకి పలకలు వెయ్యాలి. నీకు తెలీదా?"

"తెలుసండి. తాయారు మొహం చూశారా మీరు?"

"దానికి జబ్బు చేస్తే మందిప్పించు. గంధాన్ని దుమ్మనొచ్చా? దుమ్మంటే రోడ్డు మీదదమ్మా. ఇది మన అన్నం."

"అన్నం ముక్కులోంచి తింటారా అండీ?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "సోమవారం పనిముట్ల పూజ చేద్దాం. మిల్లంతా శుభ్రం చేయిస్తాను. అప్పుడు నీ గోడచెవికి లేదని చెప్పు" అని వెళ్ళిపోయారు.

ఇంటికి వస్తే తాయారు కంచం తీసుకుని వంటింట్లోకి పోయి ఒక్కతే తింది.

నమోదు 2207. సోమవారం.

పుస్తకం అదిమి పట్టుకునే చెయ్యి కట్టులో ఉంది. అక్షరాలు వంకరపోతే పోనీ.

పూజకు వంట మిల్లు పెరట్లో పెట్టారు. పులిహోరకు పొయ్యి రాజేసే పని నాది. కట్టెలు తడిసి ఉన్నాయి. ఇలాంటప్పుడు మా ఆడవాళ్ళందరం చేసేదే నేనూ చేశాను. చిటికెడు గంధం పొయ్యిలో విసిరితే భగ్గుమని అంటుకుంటుంది. ఇవాళ చిరాకులో చిటికెడు బదులు గుప్పెడు విసిరాను. మంట నా మొహం దాకా లేచి ముందు వెంట్రుకలు కమిలిపోయాయి. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

పొయ్యి పక్కన కుప్పగా పడ్డ గంధం మీద ఒక నిప్పురవ్వ పడింది. అది మాత్రం నల్లగా కమిలి ఊరుకుంది. కుప్పగా ఉంటే కాలదు. గాల్లోకి విసిరితే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఇది మా వంటిళ్ళలో ఎవరికి తెలియదు? తెలిసిన సంగతిని పొయ్యి దగ్గరే వదిలేసి వెళ్ళడం మాకు అలవాటు.

అప్పుడు మిల్లులోంచి గాలిగొట్టం చప్పుడు చెవిన పడింది. ఊదుడు పనివాడు గవర్రాజు, కరెంటు లేదు గనుక పీపాలో గాలి కాలితో తొక్కి నింపుకుని, నిచ్చెన ఎక్కి దూలాల మీద ఊదుతున్నాడు. ఆ దూలాల మీద ఆరేళ్ళుగా ఎవరి చెయ్యీ పడలేదు, వేలెడు మందాన ఉంటుంది. పెరట్లో వంటల మీద గంధం పడకూడదని తలుపులూ కిటికీలూ అన్నీ మూశారు. గాలిగొట్టం ఆగింది. లోపల గంట మోగింది.

ప్రతి ఏడూ ఆ ఏటి మంచి పనివాళ్ళ చేత హారతి వెలిగిస్తారు. ఈ ఏడు తాయారు చేత.

నా వయసు యాభై నాలుగు. చిన్నప్పుడు కూడా అలా పరుగెత్తి ఉండను. తలుపు తోస్తే అవతలి గోడ కనబడలేదు. అంతా పచ్చటి పొగ. నలభై మంది తువ్వాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మధ్యలో తాయారు, ఎడమ చేతిలో పళ్ళెం, కుప్పగా కర్పూరం. కుడి చేత్తో అగ్గిపుల్ల తీసి పెట్టె మీద పెట్టింది.

అభిషేకానికి పెట్టిన నీళ్ళ బిందె ఎత్తి దాని మీద కుమ్మరించాను. పళ్ళెం మీద, కర్పూరం మీద, అగ్గిపెట్టె మీద, తాయారు పట్టుచీర మీద.

తాయారు తడిసి ముద్దై నన్ను చూస్తోంది. దాని ముక్కులోంచి మళ్ళీ ఎర్రగా కారుతోంది.

"నలుగురిలో నా పరువు తీశావు కదే అక్కా" అంది.

"హారతి ఆపడం నా జన్మలో చూళ్ళేదు" అన్నారు సింహాద్రాచారి గారు. "ఏం పట్టింది రత్నమ్మా నీకు?"

"హారతి ఇవ్వొద్దనట్లేదండి. బయటిద్దాం. ఒక్కసారి బయటకి రండి. నా మాట తప్పయితే రేపట్నుంచి మిల్లు గడప తొక్కను. ఎవరూ ఇక్కడ పుల్ల గీయకండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాను. నిజంగానే పెట్టాను. నేను దణ్ణం పెట్టడం చూసి భయపడి వచ్చారు గానీ, నమ్మి కాదు.

పెరటి మధ్యలో రాయి మీద కొత్త పళ్ళెం పెట్టి కర్పూరం వెలిగించాను. అందరినీ దూరంగా జరగమన్నాను. చేట నిండా గంధం తీసుకుని, పలకలు దింపే అరుగు ఎక్కి, బియ్యం చెరిగినట్టు మంట మీదికి ఎగరేశాను.

భుగ్గుమంది. అంతే, ఒక్క రెప్పపాటు. మిల్లు చూరు ఎత్తున పసుప్పచ్చ మంట లేచి మాయమైంది. పందిరి తాటాకులు అంటుకుంటే నీళ్ళు కొట్టి ఆర్పారు. నా కనుబొమలు పోయాయి, ఎడమ చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది.

గవర్రాజు ఒక్కడే మిల్లు వైపు చూస్తూ, వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. "చేటెడుకే ఇంతయితే... లోపల నేను మూడొందల చేటలు లేపానండి" అన్నాడు. అని అక్కడే కూలబడి ఏడ్చాడు.

తాయారు నా కాలిన చెయ్యి తీసుకుని తన తడి కొంగుతో చుట్టింది. చుడుతూ తిట్టింది. తిడుతూ ఏడ్చింది. నాకు తిట్టే ఓపిక లేక ఊరుకున్నాను.

నమోదు 2209. బుధవారం.

నిన్న పొడి దిగేదాకా మిల్లు తలుపులు తెరవలేదు. ఇవాళ తెరిచి, సింహాద్రాచారి గారే ముందు గోనెసంచి తడిపి మోకాళ్ళ మీద కూర్చున్నారు. తడిగుడ్డ తాకకూడదన్న మనిషి! ఆయన వెనక అందరూ కూర్చున్నారు. పచ్చటి ముద్దలు తట్టలకెత్తి గోతిలో పూడుస్తున్నారు. పూడ్చేముందు ఆయన ఒక్కో తట్టకూ దణ్ణం పెడుతున్నారు.

డాక్టరు జుబేదా గారికి తంతి పంపితే సాయంత్రానికి జవాబు వచ్చింది. "నమోదులో దుమ్ము ఉంటే మంచం ఖాయం. ఆ కన్ను వాపు నాకు నచ్చలేదు. ఆలస్యం చేయకండి." ఒక్కరోజు ఉంది అంటే చాలదట. ఇన్నాళ్ళూ చెప్పిన లేదులన్నీ వెనక్కి తీసుకోవాలి.

సింహాద్రాచారి గారు విని తల పట్టుకున్నారు. "అంతా తప్పంటే మిల్లు మూసేస్తారమ్మా. ఏరొచ్చేస్తోంది. ఇంక మీదట శుభ్రంగా ఉంచుకుందాం, పాతది తవ్వకు."

"పాతది నా చెల్లెలి ముక్కులో ఉందండి."

ఆయన లేచి వెళ్ళారు. నేను గోడచెవి ముందు కూర్చున్నాను. పాత జవాబులు మార్చాలి అని చెప్పాను.

"ఎన్ని దినములు తప్పు చెప్పితిరి?"

"రెండు వేల రెండు వందల మూడు."

"తప్పు నమోదు చెప్పినవారి నది పాసు మూడు సంవత్సరములు రద్దగును. ఏ లాంచీ ఎక్కరాదు. సమ్మతమేనా?"

ఈ సంగతి నాకు తెలియదు. ఎగువ ఆస్పత్రికి లాంచీ తప్ప దారి లేదు. తాయారుతో నేనే వెళతానని, దాని మంచం పక్కన కింద పడుకుంటానని అప్పటికే మనసులో అన్నీ సర్దుకున్నాను. ఏ దుప్పటి పట్టుకెళ్ళాలో కూడా.

ఎప్పుడు వచ్చారో, సింహాద్రాచారి గారు నా వెనక నిలబడి ఉన్నారు. డబ్బా దగ్గరకు వంగి, "ఆవిడ తప్పేం లేదండి. దుమ్ముని గంధమని నేర్పింది నేను. నా పాసు తీసేయండి" అన్నారు.

"అర్థము కాలేదు. సమ్మతమేనా?"

"సమ్మతమే" అన్నాను.

"కృతజ్ఞతలు, నూకరత్నమ్మ గారూ."

నమోదు 2224. గురువారం.

మిల్లు మూయలేదు. పాత మోటారు విప్పి పీల్చుడు గొట్టానికే మళ్ళీ బిగించమన్నారు, అందాకా బెల్టులు తిప్పొద్దన్నారు. చేత్తోనే రుద్దుతున్నారు, పలకలు తడిపి. సగం ఇళ్ళకు ఈ ఏడు పాత పలకలే గతి. నలభై ఒక్కరినీ ముక్కులు చూపించుకోమని ఎగువ నుంచి పేర్లు అడిగారు.

ఇవాళ ఆస్పత్రి లాంచీ వచ్చింది. డాక్టరు గారు తాయారు పేరు పిలిచి, "ఆపరేషను శనివారం. కన్ను దక్కుతుందని చెప్పలేను, మనిషిని దక్కించడానికి చూస్తాను" అని నాతో విడిగా అన్నారు. దాచకుండా చెప్పినందుకు ఆవిడకు దణ్ణం పెట్టాను.

పాసు సంగతి తాయారుకు నేను చెప్పలేదు. రేవులో బల్ల మీద అడుగు పెట్టబోతుంటే లాంచీ సరంగు చెయ్యి అడ్డం పెట్టి, "మీకు లేదమ్మా" అన్నాడు. తాయారు అప్పటికే లోపలికి వెళ్ళి మూట దించుకుంది. వెనక్కి చూసింది. అర్థమైంది. మూట ఎత్తుకుని గబగబా దిగి వచ్చేసింది.

"నువ్వు రాకపోతే నేనెక్కను. నేనెప్పుడు ఒక్కదాన్నే ఉన్నానే? అక్కడ నాకెవరు తెలుసు? వచ్చే నెల చూద్దాంలే. పద ఇంటికి."

వచ్చే నెల! ఆ వాపుతో కన్ను సగం మూసుకుపోయింది. బతిమాలితే ఇది వినదని నాకు తెలుసు. ఏడిస్తే అసలు కదలదు. నా కంటి నీళ్ళు చూస్తే ఇక్కడే నన్ను కావలించుకుని కూర్చుంటుంది.

"నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇంకా అక్క కొంగు పట్టుకు తిరుగుతావంటే సిగ్గు లేదా?" అన్నాను.

అది బిత్తరపోయింది.

"నీకోసం నేను ఊరందరితో మాట పడ్డాను. చెయ్యి కాల్చుకున్నాను. నీకు వండి వండి నా నడుం పడిపోయింది. నాలుగు రోజులు నా మానాన నన్ను ఉండనివ్వవా? ఇంటికొచ్చావంటే తలుపు తియ్యను. చెప్తున్నా, తియ్యను."

రేవులో జనం అంతా చూస్తున్నారు. తాయారు మొహం ఎర్రబడింది. "నేను నీకింత బరువైపోయానా?" అంది.

"అయిపోయావు. ఎల్లు."

"ఎల్తాను. ఇంక నీ మొహం చూస్తే ఒట్టు!" అని మూట విసురుగా ఎత్తుకుని, బల్ల అదిరేలా అడుగులు వేస్తూ ఎక్కేసింది. వెనక్కి తిరగకుండా నాకు వీపు పెట్టి కూర్చుంది. సరంగు బల్ల లాగేశాడు. లాంచీ కదిలింది.

అప్పుడు తిరిగి చూసింది. మొహంలో కోపం కరిగిపోతోంది, చెయ్యి సగం లేచింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే నీళ్ళలోకి దూకేదేమో. దిక్కుమాలినదానా, మొద్దు మొహమా, పోయి ఆ డాక్టరమ్మ ప్రాణం తియ్యి అని ఊరంతా వినబడేలా అరిచాను. నోరు ఆపితే ఏడుపు వినబడుతుందని, లాంచీ మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉన్నాను.